ఒక్క మెతుకు పట్టి చూసిన మహలనోబిస్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కోరారు. ప్రకాశం పంతులు గారి గురించో, విశ్వేశ్వరయ్య గారి గురించో నాకంటే బాగా వ్రాయగల వారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను కృష్ణా జిల్లాలో గణాంక విభాగంలో గుమాస్తాగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా అంకెలు కూడుతూ గడిపినవాణ్ణి. కనుక అంకెల మనిషినే ఎంచుకున్నాను. ఆయన పేరు ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్.

ఈయనకూ మన పెన్షనర్లకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. మనమంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే కరువు భత్యం శాతం ఎక్కడి నుంచి వస్తుంది? లేబర్ బ్యూరో వారు నెలనెలా ప్రకటించే ధరల సూచిక నుంచి వస్తుంది. ఆ సూచిక కోసం దేశంలోని ప్రతి కార్మికుడి ఇంటికీ వెళ్లి ఉప్పూ పప్పూ ఏ ధరకు కొన్నావని అడగరు. ఎంపిక చేసిన కేంద్రాలలో, ఎంపిక చేసిన దుకాణాలలో ధరలు వ్రాసుకుంటారు. ఏ సరుకుకు ఎంత బరువివ్వాలన్నది కూడా ఎంపిక చేసిన కొన్ని కుటుంబాల ఖర్చు చూసే నిర్ణయిస్తారు. ఇలా కొద్దిమందిని అడిగి అందరి సంగతీ చెప్పడాన్ని శాంపిల్ సర్వే అంటారు. ఈ విద్యను మన దేశంలో నిలబెట్టి, ప్రభుత్వం చేత నమ్మించిన వారు మహలనోబిస్ గారు. నమ్మించడానికి ఆయన పడిన పాట్లే ఈ వ్యాసంలో ముఖ్య విషయం.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. మహల్ అంటే ఎస్టేటు, నవీస్ అంటే వ్రాసేవాడు. పూర్వం వారి వంశంలో ఎవరో ఎస్టేటు లెక్కలు వ్రాసినందున ఆ ఇంటిపేరు వచ్చిందంటారు. అంటే మన కరణం వారి వంటి ఇంటిపేరే. గుమాస్తాగిరీ ఆయన రక్తంలోనే ఉందని నా బోటివాడు కొంచెం గర్వంగా చెప్పుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి వారి వద్ద చదివి 1912లో భౌతికశాస్త్రంలో ఆనర్సు పూర్తిచేశారు. 1913లో ఇంగ్లండు వెళ్లారు. లండన్‌లో చేరాలని ఆయన ఉద్దేశం. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి, అక్కడి కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరం అందానికి మైమరచి, తిరుగు రైలు అందుకోలేకపోయారు. ఆ రాత్రి మన మద్రాసు వైపు మిత్రుని గదిలో తలదాచుకుంటే, ఆయన ఇక్కడే చేరరాదా అన్నాడట. మర్నాడు అడిగితే సీటు ఇచ్చారు.

కేంబ్రిడ్జిలో ఆయనకు శ్రీనివాస రామానుజన్ గారితో స్నేహం కలిసింది. రామానుజన్ చలికి కోటు తొడుక్కుని, శాలువా కప్పుకుని పడుకుంటున్నారని తెలిసి మహలనోబిస్ గారు పడక చూస్తే, కంబళ్లన్నీ పరుపు కింద మడిచి పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. వాటిని తీసి లోపల దూరి పడుకోవాలని ఆ మహాగణితవేత్తకు ఎవరూ చెప్పలేదు. మహలనోబిస్ గారు దగ్గరుండి చూపించారు. మరొకసారి రామానుజన్ వంట చేస్తుండగా ఈయన పత్రికలో వచ్చిన లెక్క ఒకటి చదివారు. ఒక వీధిలో ఇళ్లకు ఒకటి నుంచి వరుసగా నంబర్లున్నాయి. ఒక ఇంటికి ఎడమవైపు ఇళ్ల నంబర్లన్నీ కూడినా, కుడివైపు నంబర్లన్నీ కూడినా సమానం. వీధిలో ఇళ్లు 50కి పైన, 500 లోపు ఉన్నాయి. ఆ ఇల్లు ఏది? రామానుజన్ గరిటె తిప్పుతూనే ఈ ఒక్క లెక్కకే కాక ఇటువంటి లెక్కలన్నింటికీ కలిపి జవాబు చెప్పారట. 288 ఇళ్లు, 204వ నంబరు ఇల్లు. మనవళ్లకు ఇచ్చి చూడండి, ఒక సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

1915లో చదువు ముగించి సెలవుకు ఇంటికి బయలుదేరబోతుండగా, గురువు ఒకరు కళాశాల గ్రంథాలయంలో బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించారు. అప్పటిదాకా వెలువడిన సంపుటాలన్నీ ఈయన కొని ఓడలో చదువుతూ వచ్చారు. యుద్ధం మూలంగా తిరిగి వెళ్లడం పడలేదు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా స్థిరపడ్డారు. జీతం భౌతికశాస్త్రానికి, మనసు గణాంకాలకు. అలా చాలా ఏళ్లు నడిచింది. 1923లో నిర్మలకుమారి గారిని వివాహమాడారు. పెళ్లికూతురి తండ్రికి సమ్మతి లేకపోతే మేనమామ నీలరతన్ సర్కార్ గారు పెద్దరికం వహించి జరిపించారు. ఈ దంపతులు రవీంద్రనాథ్ టాగోర్ గారికి ఇంటి మనుషులు. పదేళ్లు విశ్వభారతి కార్యదర్శులలో ఒకరుగా కూడా మహలనోబిస్ గారు పనిచేశారు.

మొదట ఆయన చేతికి వచ్చిన లెక్కలు చిన్నవే. కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షల మార్కులు విశ్లేషించమన్నారు. ఒక సబ్జెక్టులో మంచి మార్కులు వచ్చినవాడికి రెండవ దానిలోనూ వస్తాయా? ఇదే కోరిలేషన్, అంటే సహసంబంధం. రెండు విషయాలు ఎంతవరకు జోడుగా నడుస్తాయో చెప్పే అంకె అది. పూర్తిగా కలిసి నడిస్తే 1, పూర్తిగా ఎదురు నడిస్తే మైనస్ 1, వరుస సంబంధం ఏమీ కనిపించకపోతే సున్నా. జోడుగా నడిచినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని కాదు సుమండీ. గొడుగులు ఎక్కువగా అమ్ముడైన నెలలోనే కప్పలూ ఎక్కువగా అరుస్తాయి. గొడుగు చూసి కప్ప అరవదు. రెండింటికీ వాన కారణం. తరువాత 1922 నుంచి 1926 వరకు అలీపూర్ వాతావరణ కేంద్రంలో ఉండగా, పై గాలుల కొలతల మధ్య సహసంబంధాలు లెక్కగట్టి, నేలమీది వాతావరణాన్ని శాసించే పొర దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉందని చెప్పారు.

ఆ విద్య జనానికి అక్కరకు వచ్చింది వరదల విషయంలో. 1922లో ఉత్తర బెంగాల్‌లో వరద వచ్చినప్పుడు, నీటిని ఆపి నిలబెట్టే పెద్ద పెద్ద మడుగులు కట్టాలని ఇంజనీర్ల సంఘం సూచించింది. మహలనోబిస్ గారు యాభై ఏళ్ల వాన లెక్కలు, వరద లెక్కలు ముందు పెట్టుకుని, అవి కట్టినా ఉపయోగం ఉండదని, నీరు త్వరగా దిగిపోయే దారి చూడాలని తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, గట్లు ఎత్తు చేయాలని ఇంజనీర్లు అన్నారు. ఈయన అరవై ఏళ్ల రికార్డు తిరగేశారు.

ఇక్కడ రిగ్రెషన్ అనే మాట వస్తుంది. ఎగువన ఇన్ని అంగుళాల వాన పడితే దిగువన నది ఎన్ని అడుగులు లేస్తుంది? ఒక్కొక్క వరదకూ ఒక్కొక్క చుక్క కాగితం మీద పెట్టి, ఆ చుక్కల మధ్య నుంచి అన్నింటికీ వీలైనంత దగ్గరగా పోయేటట్లు ఒక గీత గీస్తారు. రేపటి వాన తెలిస్తే ఆ గీతను బట్టి రేపటి నీటిమట్టం అంచనా కట్టవచ్చు. చుక్కలు గీతకు ఎంత దూరం చెదిరి ఉన్నాయో చూస్తే ఆ అంచనాను ఎంత నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. నది అడుగు నిజంగా లేచి ఉంటే అదే వానకు ఇప్పుడు మట్టం పూర్వం కంటే పెరగాలి కదా? అరవై ఏళ్లలో అటువంటి మార్పేమీ కనిపించలేదు. వాన ఎక్కువ పడింది, వరద ఎక్కువ వచ్చింది, అంతే. గట్లు పెంచడం కాదు, ఎగువన ఆనకట్టలు కట్టాలని ఆయన నివేదిక వ్రాశారు. మహానది విషయంలో ఆనాడు ఆయన వేసిన లెక్కలు తరువాతి కాలంలో 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ఆనకట్టకు ఆధారమైనాయి. ఇంజనీరు కాని మనిషి, గదిలో కూర్చుని పాత రిజిస్టర్లు చదివి ఇంజనీర్లను ఒప్పించడం సామాన్యమా! పాత ఫైళ్లు తగలబెట్టేయాలనే అధికారులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

1931 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపనకు సభ జరిగింది. 1932 ఏప్రిల్‌లో రిజిస్టరయింది. ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక గది, మొదటి ఏడాది మొత్తం ఖర్చు 238 రూపాయలు. 1933లో సాంఖ్య అనే పత్రిక పెట్టారు. 1936లో ఆయన పేరు ప్రపంచమంతా తెలిసేలా చేసిన మహలనోబిస్ దూరం వచ్చింది. మనుషుల గుంపులు రెండింటిని కొలతలు తీసి పోల్చేటప్పుడు, ఎత్తులో తేడా, చేయి పొడవులో తేడా విడివిడిగా కూడితే తప్పు. ఎత్తయినవాడికి చేయి పొడుగ్గానే ఉంటుంది కనుక ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఆ సహసంబంధాన్ని మినహాయించి అసలు దూరం చెప్పే సూత్రం అది. ఒకే ఖర్చుకు రెండు వోచర్లు పెడితే ఆడిటరు కొట్టేస్తాడే, అలాంటిదన్న మాట. కంప్యూటరు విద్య చదివే మన పిల్లలు ఈనాటికీ దానిని వాడుతున్నారు.

ఇక శాంపిల్ సర్వే. 1937లో బెంగాల్‌లో జనపనార పంట ఎన్ని ఎకరాలలో ఉందో తెలుసుకునే పని జూట్ కమిటీ వారు ఆయనకు అప్పగించారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలు అనేది మన ఆడవారందరికీ తెలిసిన శాస్త్రమే. కాని వారు గరిటె పెట్టి అడుగునుంచి కలిపి మరీ మెతుకు తీస్తారు. ఆ కలపడమే ఇందులో కీలకం. మనకు నచ్చిన చోట, దారి పక్కన, పరిచయమున్న రైతు పొలంలో చూస్తే అది శాంపిల్ కాదు. చీటీలు తీసినట్లు, రాండం నంబర్ల పట్టిక ఏ పొలం చూపిస్తే ఆ పొలానికే పోవాలి. బురదైనా, వాగు దాటాలన్నా పోవాలి. బీహారు, ఒరిస్సాలలో హబ్బక్ అనే అధికారి 1920లలోనే వరి పంటకు ఈ పద్ధతి వాడిన సంగతి మహలనోబిస్ గారు మరువకుండా చెప్పేవారు.

ఆయన ఒక్కసారిగా బెంగాల్ అంతా కొలుస్తానని బయలుదేరలేదు. మొదట చిన్న తునక, మరు ఏడాది మరికొంత, ఐదవ ఏటికి 1941లో మొత్తం రాష్ట్రం. ప్రతి మెట్టులోనూ మనిషి నడకకు ఎంత సమయం పడుతోంది, కొలవడానికి ఎంత, ఖర్చెంత, తప్పెంత అని లెక్కవేసుకున్నారు. శాంపిల్ నాలుగు రెట్లు పెంచితేగాని తప్పు సగానికి తగ్గదు కనుక ఎక్కడ ఆగాలో తెలియాలి. ఇంకొక చక్కని ఉపాయం పెట్టారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను వేర్వేరు పొలాల జాబితాలతో పంపేవారు. ఒక జట్టు అంకెలు రెండవ జట్టుకు తెలియవు. రెండూ దగ్గరగా వస్తే సరే, లేకపోతే ఎక్కడో తేడా ఉన్నట్లు. ట్రెజరీలో ఒకరు పైనుంచి కిందికి, మరొకరు కిందినుంచి పైకి కూడి సరిచూసేవారు చూడండి, ఆ బాపతే.

అయినా పెద్దవాళ్లు నమ్మలేదు. ప్రతి పొలమూ చూస్తే తప్పు ఉండదు, కొన్నే చూస్తే తప్పక ఉంటుంది అని వారి వాదం. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని ప్రతి పొలమూ చూడటానికి వేలమందిని హడావుడిగా వేసుకోవాలి. వారికి శిక్షణ ఉండదు, తనిఖీ ఉండదు, ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేవారూ ఉంటారు. వ్యాపారుల దగ్గర తేలిన అసలు సరుకుతో పోల్చినప్పుడు పూర్తి లెక్క చాలా తక్కువ చూపించగా, కొద్దిమందితో చేసిన శాంపిల్ లెక్క దాదాపు సరిపోయింది. అప్పటినుంచి నోళ్లు కొంత మూతపడ్డాయి.

అయితే ఎకరాకు దిగుబడి విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గిందని నేను చెప్పను. ఆయన నాలుగడుగుల వ్యాసార్థం వంటి చిన్న వలయాలలో పంట కోయించేవారు, స్వంత మనుషుల చేత. ఢిల్లీలో సుఖాత్మే గారు, పాన్సే గారు పెద్ద తునక కోయాలని, రెవెన్యూ సిబ్బంది చేతనే చేయించాలని పట్టుబట్టారు. చిన్న వలయంలో అంచు ఎక్కువ. అంచు మీద ఉన్న దుబ్బును లోపలికి లాగి కోయడం మనిషి స్వభావం. నేనే లెక్క వేశాను. నాలుగడుగుల వలయానికి వైశాల్యం సుమారు 50 చదరపు అడుగులు, అంచు 25 అడుగులు. మనం వరికి కోసే ఐదు మీటర్ల చదరానికి వైశాల్యం సుమారు 269 చదరపు అడుగులు, అంచు 66 అడుగులు. అడుగు వైశాల్యానికి అంచు సగానికి సగం తగ్గిపోతుంది. దేశంలో చివరకు సుఖాత్మే పద్ధతే నిలబడింది. నా ఉద్యోగమంతా నేను చూసిన ఫారాలు ఆ పద్ధతివే. పొలం నైరుతి మూల నుంచి రాండం నంబరు చెప్పినన్ని అడుగులు నిడివిన, అడ్డాన నడిచి తాడు కట్టాలి. నైరుతి వాస్తు కోసం కాదు, ఎవరి ఇష్టానికీ చోటుండకూడదని.

అంతకు పూర్వం ఊళ్లో పదహారణాల పంటా, పన్నెండణాల పంటా అని కరణం గట్టు మీద నిలబడి కంటి అంచనా వేసేవాడు. 1985లో సమగ్ర పంటల బీమా వచ్చాక ఈ తాడు కట్టిన చదరం విలువ అందరికీ తెలిసింది. దిగుబడి తక్కువ వస్తే ఆ ప్రాంతం రైతులందరికీ పరిహారం. అందుకని ఆ మూల పల్చగా ఉంది, అక్కడ కోయండి బాబూ అని రైతు బతిమాలేవాడు. అతని బాధ అతనిది. అంకె ఎక్కువ చూపితే బాగుండునని పైవారికి ఉండేది. ఆ ఇద్దరి మధ్య నిలబడి పట్టిక చెప్పిన చోటే కోయించిన చిన్న ఉద్యోగులను నేను ఎరుగుదును. ఎండలో పంట నూర్చి, తూకం వేసి, సంతకం పెట్టి వచ్చిన ఆ ఫారాలను ముట్టుకుంటే గింజ నలుసులు రాలేవి.

1943 కరువు తరువాత బెంగాల్ పల్లెల్లో ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరు ఎడ్లు పోగొట్టుకున్నారు అని ఆయన సంస్థ శాంపిల్ సర్వే చేసింది. 1947లో ఢిల్లీ అల్లర్లప్పుడు ఎర్రకోటలో తలదాచుకున్న జనం ఎందరో తెలియక, కంట్రాక్టరు పెట్టిన తిండి బిల్లులు చూసి ప్రభుత్వం దిగులుపడింది. లోపలికి వెళ్లి లెక్కించే వీలు లేదు. ఆ సంస్థతో చిరకాల సంబంధమున్న సేన్‌గుప్తా గారు ఒక పని చేశారు. మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో పాత సర్వేల నుంచి తీసి బిల్లులను భాగించారు. మూడింటికీ మూడు జవాబులు వచ్చాయి. అన్నింటికంటే తక్కువ చూపిన ఉప్పు జవాబునే నమ్మారు. చవకైన ఉప్పులో ఎవడు దొంగలెక్క వ్రాస్తాడు? మరొక చిన్న శిబిరంలో సరిచూస్తే ఆ పద్ధతి నిజమేనని తేలింది. ఈ కథను సి.ఆర్.రావు గారు తమ పుస్తకంలో చెప్పారు.

ఆ రావు గారు మన తెలుగువారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, యుద్ధకాలంలో ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. బసలో కలిసిన ఒక దక్షిణాది మనిషి ద్వారా ఈ సంస్థ సంగతి తెలిసి, 1941 జనవరిలో చేరారు. 1945లో, పాతికేళ్ల ప్రాయంలో, ఆయన వ్రాసిన వ్యాసం లోకప్రసిద్ధం. 1946లో సూడాన్ తవ్వకాలలో దొరికిన ఎముకలను మహలనోబిస్ దూరంతో విశ్లేషించడానికి కేంబ్రిడ్జికి ఆయనను పంపింది మహలనోబిస్ గారే. శిష్యులను గుర్తించడంలో ఆయనకు సాటి లేరు. కాని స్వభావంలో పట్టుదల మనిషి, తన మాటే నెగ్గాలనే తత్వం. 1957లో వచ్చి చేరిన హాల్డేన్ వంటి మహాశాస్త్రవేత్త కూడా నాలుగేళ్లకే సంస్థ విడిచిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ గారు 1949లో ఆయనను కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారుగా నియమించారు. 1950 అక్టోబరులో జాతీయ శాంపిల్ సర్వే మొదటి విడత మొదలయింది. అయిదు లక్షలకు పైగా ఉన్న గ్రామాలలో సుమారు 1800 గ్రామాలకు వెళ్లి ఇంటింటి ఖర్చులు వ్రాసుకున్నారు. ఊరికొక మానిక, జిల్లాకొక వీసె ఉన్న రోజులవి. ఆ తరువాత రెండవ పంచవర్ష ప్రణాళిక ముసాయిదా 1955లో ఆయన చేతిమీదుగానే వచ్చింది. ముందు ఉక్కు, యంత్రాలు, ఆ తరువాతే మిగతావి అన్నది దాని సారం. బి.ఆర్.షెనాయ్ గారు అప్పుడే అసమ్మతి పత్రం వ్రాశారు. వకీల్, బ్రహ్మానంద గార్లు ముందు తిండి, బట్ట అన్నారు. ప్రణాళిక మొదలైన ఏడాదికే విదేశీ మారకం కొరత వచ్చింది. మా బడిలో అమెరికా పాలపొడి, గోధుమ రవ్వ ఉప్మా తిని పెరిగిన తరం మాది కనుక, ఈ విషయంలో నాకు విమర్శకుల మాటే సబబనిపిస్తుంది. పల్లెటూరి ఇంటి ఖర్చు అంత ఓపికగా లెక్క కట్టించిన మనిషి, తన ప్రణాళికలో తిండిగింజలకు ఇంకా పెద్ద పీట వేయవలసింది. భిలాయ్, దుర్గాపూర్ లేకపోతే మనం ఎక్కడ ఉండేవాళ్లం అనే మిత్రులు మన సంఘంలో ఉన్నారు. వారితో వాదం ఇంకా తెగలేదు.

1959లో పార్లమెంటు చట్టం ద్వారా ఆయన సంస్థకు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అనే హోదా వచ్చింది. 1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1970లో జాతీయ శాంపిల్ సర్వేను ప్రభుత్వం ప్రత్యేక కార్యాలయంగా చేసి తన కిందికి తీసుకుంది. 1972 జూన్ 28న, 79 నిండటానికి ఒక్క రోజు ముందు, మహలనోబిస్ గారు కలకత్తాలో కన్నుమూశారు. ఆయన తరువాత సంస్థ బాధ్యత సి.ఆర్.రావు గారు చేపట్టారు. రావు గారు 2023 ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో పరమపదించారు.

2007 నుంచి జూన్ 29ని గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజున మా పాత కార్యాలయం వారు రిటైరైన మమ్మల్ని కూడా పిలుస్తుంటారు. ఇప్పటి కుర్రవాళ్లు పంట కోత అంకెలు పొలంలోనే సెల్‌ఫోనులో ఎక్కించి, ఫోటో తీసి పంపుతున్నారు. అడుగులు మాత్రం నైరుతి మూల నుంచే లెక్కపెడుతున్నారు.